రొయ్య ఏ గుంటదో చెప్పగలరు.. ఒలిచిన మనిషి ఎవరో చెప్పగలరా?

నెల్లూరు తీరంలో రొయ్యల పరిశ్రమ కార్మికుల హక్కులకు ఎవరు జవాబుదారీ? 'బాధ్యతాయుత వ్యాపారం' అంటే ఏంటి? జీతం, పీఎఫ్, ఈఎస్ఐ అందకపోతే ఎక్కడ అడగాలి?

సూపర్‌మార్కెట్ ఫ్రీజర్‌లోంచి ఒక రొయ్యల ప్యాకెట్ తీసి వెనక్కి తిప్పి చూడండి. బరువు, కౌంట్, ప్యాక్ చేసిన తేదీ, బ్యాచ్ నంబర్ కనిపిస్తాయి. ఎగుమతి సరుకైతే, ఆ నంబర్ పట్టుకుని ప్రాసెసింగ్ ప్లాంట్‌కు, అక్కణ్నుంచి రొయ్య పెరిగిన గుంట దాకా వెనక్కి వెళ్లగలిగేలా రికార్డులు ఉండాలి. యూరోపియన్ యూనియన్‌కు పంపే రొయ్యలకైతే పట్టుబడికి ముందే నమూనా తీసి, యాంటీబయాటిక్ అవశేషాలు లేవని ల్యాబ్‌లో తేలాలి. ఆ కాగితం లేకుండా సరుకు కదలదు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఆ రొయ్య తల తీసి, పొట్టు ఒలిచి, సైజుల వారీగా వేరు చేసిన మహిళ పేరు ఏ రికార్డులో ఉంది? ఆమెకు ఆ రోజు ఎంత ఇచ్చారు? ఎన్ని గంటలు నిలబడింది? పీఎఫ్ కట్టారా?

చాలాసార్లు జవాబు ఒక్కటే: 'మేస్త్రీని అడగండి.'

రొయ్యకు ఉన్న జాడ మనిషికి ఎందుకు లేదు? నెల్లూరు తీరంలో కార్మికుల హక్కుల గురించి మాట్లాడాలంటే ఈ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాలి.

ఐక్యరాజ్య సమితి లక్ష్యాలకూ నెల్లూరు గుంటలకూ ఏంటి సంబంధం?

2015లో ఐక్యరాజ్య సమితిలోని 193 దేశాలు 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలకు ఒప్పుకున్నాయి. గడువు 2030. భారత్ కూడా సంతకం చేసింది. ఏ రాష్ట్రం ఎంతవరకు వచ్చిందో నీతి ఆయోగ్ 2018 నుంచి మార్కులు వేస్తోంది.

ఇందులో 8వ లక్ష్యం గౌరవప్రదమైన ఉపాధి. దాని కింద రెండు అంశాలు నేరుగా మన తీరానికి వర్తిస్తాయి.

• 8.7: వెట్టి చాకిరీ, బాల కార్మిక వ్యవస్థను అంతం చేయాలి.

• 8.8: కార్మికుల హక్కులను కాపాడాలి, పని ప్రదేశంలో భద్రత ఉండాలి. వలస కార్మికులను, అందులోనూ మహిళలను ఇక్కడ ప్రత్యేకంగా ప్రస్తావించారు.

12.6 అనే మరో అంశం కంపెనీలకు సంబంధించింది. పెద్ద కంపెనీలు తమ పద్ధతులను మార్చుకుని, ఆ వివరాలను బయటపెట్టేలా ప్రభుత్వాలు ప్రోత్సహించాలని అది చెబుతుంది.

వలస కార్మికులు, మహిళలు, ఎగుమతి కంపెనీలు.. ఈ ముగ్గురూ ఒకేచోట కనిపించే పరిశ్రమ రొయ్యలది.

ఎంత పెద్ద వ్యాపారం ఇది?

2024-25లో భారత్ నుంచి సుమారు 16.98 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి అయ్యాయి. విలువ రూ.62,408 కోట్లు. అందులో ఒక్క ఫ్రోజెన్ రొయ్యల వాటానే రూ.43,334 కోట్లు. మన రొయ్యను ఎక్కువగా కొనేది అమెరికా. దేశంలో రొయ్యల సాగులో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది.

1990ల మొదట్లో టైగర్ రొయ్యల జోరు మొదలైన ప్రాంతాల్లో నెల్లూరు ఒకటి. తెల్లమచ్చ వైరస్ అప్పట్లో ఎంతోమందిని ముంచింది. 2009లో వనామీకి అనుమతి వచ్చాక సాగు మళ్లీ ఊపందుకుంది. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల్లో సముద్రం వైపు ఏ రోడ్డున వెళ్లినా ఏరియేటర్లు తిరుగుతూ కనిపిస్తాయి.

గుంట నుంచి కంటైనర్ దాకా.. ఎవరు ఎవరి మనుషులు?

రొయ్య కంటైనర్‌లోకి చేరేలోపు కనీసం ఐదు చేతులు మారుతుంది.

• హేచరీ: పిల్లను తయారుచేసే చోటు. రాత్రింబవళ్లు పని. కార్మికులు చాలావరకు అక్కడే ఉంటారు.

• గుంట: మేత వేయడం, ఏరియేటర్లు చూడటం, రాత్రి కాపలా. కాపలా కుటుంబాలు గట్టు మీద గుడిసెలోనే బతుకుతాయి. జిల్లాలో యానాది కుటుంబాలు ఎక్కువగా ఉండేది ఈ పనిలోనే.

• పట్టుబడి: వల లాగే ముఠాలు. ఒక రోజు ఈ ఊరు, మరుసటి రోజు ఇంకో ఊరు.

• పీలింగ్, ప్రాసెసింగ్: తల తీయడం, ఒలవడం, గ్రేడింగ్. ఎక్కువ మంది మహిళలే. చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో పాటు ఉత్తరాంధ్ర, ఒడిశా నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండేవాళ్లూ ఉంటారు.

• కోల్డ్ స్టోరేజీ, లోడింగ్: గడ్డకట్టే చలిలో పని. శీతలీకరణకు వాడే అమోనియా లీకైతే ప్రాణం మీదకు వస్తుంది.

ఈ ఐదు దశల్లో కంపెనీ నేరుగా జీతం ఇచ్చేవాళ్లు తక్కువ. మిగతావాళ్లు మేస్త్రీ మనుషులు, కాంట్రాక్టర్ మనుషులు, గుంట యజమాని మనుషులు. ప్రమాదం జరిగినప్పుడు, జీతం ఆగినప్పుడు ఈ తేడానే గోడలా అడ్డం నిలుస్తుంది.

'వాళ్లు మా మనుషులు కాదు' అంటే కుదురుతుందా?

అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం కుదరదు. మన చట్టం ప్రకారం కూడా చాలావరకు కుదరదు.

2011 జూన్‌లో ఐరాస మానవ హక్కుల మండలి 'వ్యాపారం, మానవ హక్కుల మార్గదర్శక సూత్రాల'ను ఆమోదించింది. వాటి సారాంశం మూడు ముక్కల్లో చెప్పొచ్చు. రక్షించడం ప్రభుత్వం పని. గౌరవించడం కంపెనీ పని. నష్టం జరిగితే పరిహారం దొరికే దారి ఉండాలి. కంపెనీ తన గేటు లోపల జరిగేదే కాదు, తనకు సరుకు ఇచ్చేవాళ్ల దగ్గర జరిగేదీ ముందే గమనించి సరిదిద్దాలని ఈ సూత్రాలు చెబుతాయి. దీన్నే 'డ్యూ డిలిజెన్స్' అంటున్నారు.

2019లో కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ ఇదే దారిలో బాధ్యతాయుత వ్యాపారానికి 9 సూత్రాలు ప్రకటించింది. మార్కెట్ విలువలో మొదటి 1,000 స్థానాల్లో ఉన్న లిస్టెడ్ కంపెనీలు వాటి ఆధారంగా ఏటా నివేదిక ఇవ్వాలని సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. అయితే రొయ్యల రంగంలో చాలా సంస్థలు ప్రైవేటువి, చిన్నవి. ఈ నివేదిక పరిధిలోకి అవి రావు.

అందుకే కార్మికుడికి అసలు పనికొచ్చేది చట్టం. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న ప్రధాన యజమాని ఇవ్వాల్సిందేనని కార్మిక చట్టం చెబుతోంది. కాంట్రాక్టు కార్మికుల పీఎఫ్, ఈఎస్ఐ వాటా విషయంలోనూ చివరి బాధ్యత ప్రధాన యజమానిదే. మేస్త్రీ పారిపోయాడన్నది కంపెనీకి సాకు కాదు.

సుప్రీంకోర్టు ఒకసారి ఏం చెప్పింది?

1996 డిసెంబర్ 11న ఎస్.జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు ఒక సంచలన తీర్పు ఇచ్చింది. తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులను, సంప్రదాయ పద్ధతులవి మినహా, తొలగించాలని ఆదేశించింది. తాగునీరు ఉప్పగా మారడం, మడ అడవులు పోవడం, మత్స్యకారులు తీరానికి వెళ్లే దారులు మూసుకుపోవడం గురించి అందులో వివరంగా ఉంది.

చాలామంది మరిచిపోయిన భాగం ఇంకొకటి ఉంది. మూతపడే రొయ్యల పరిశ్రమల్లో ఏడాదికి తగ్గకుండా పనిచేసిన కార్మికులకు చట్టప్రకారం రిట్రెంచ్‌మెంట్ పరిహారంతో పాటు, అదనంగా ఆరేళ్ల జీతం ఇవ్వాలని కోర్టు ఆదేశించింది.

తర్వాత పార్లమెంటు 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చింది. రిజిస్ట్రేషన్‌తో సాగు కొనసాగింది. కానీ ఆ తీర్పులోని ఒక షరతును గమనించండి: 'ఏడాది పనిచేసిన కార్మికుడు'. ఏడాది పనిచేశానని నిరూపించేదెలా? హాజరు పట్టీలో పేరు లేనివాళ్లకు ఆరేళ్ల జీతం కాదు, ఆరు రోజుల జీతం కూడా రాదు. హక్కు ఎంత పెద్దదైనా కాగితం లేకపోతే చేతికి అందదు.

ఇప్పుడు ఈ చర్చ ఎందుకు పెరిగింది?

2024 మార్చిలో అమెరికాకు చెందిన కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే సంస్థ భారత రొయ్యల పరిశ్రమపై నివేదిక ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోని హేచరీలు, చెరువులు, ప్లాంట్లలో తక్కువ వేతనాలు, అప్పుల వల్ల కట్టుబడి చేసే పని, ప్రమాదకర పరిస్థితులు ఉన్నాయని ఆరోపించింది. ఎగుమతి వర్గాలు, కేంద్ర అధికారులు ఈ ఆరోపణలను ఖండించారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో అమెరికా కార్మిక శాఖ బలవంతపు చాకిరీతో తయారయ్యే వస్తువుల జాబితాలో భారత రొయ్యను చేర్చింది.

ఆరోపణలపై ఎవరి వాదన వాళ్లకు ఉంది. కానీ కొనేవాళ్ల నిబంధనలు మాత్రం మారుతున్నాయి. బలవంతపు చాకిరీతో తయారైన సరుకును అడ్డుకునే అధికారం అమెరికాకు 1930 నాటి టారిఫ్ చట్టం నుంచే ఉంది. యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన ఇలాంటి నిషేధ చట్టం 2027 డిసెంబర్ 14 నుంచి అమల్లోకి వస్తుంది.

దీనికి 2025లో సుంకాల దెబ్బ తోడైంది. ఆగస్టు 27 నుంచి భారత వస్తువులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. కొనేవాడు ధర తగ్గిస్తే ఎగుమతిదారు రైతుకిచ్చే రేటు తగ్గిస్తాడు. రైతు కాపలా కూలి దగ్గర, ప్లాంట్ పీలింగ్ రేటు దగ్గర కోత పెడతారు. అన్నిటికన్నా కింద ఉన్నవాళ్లకు కోత పెట్టడానికి ఇంకెవరూ ఉండరు. బాధ్యతాయుత వ్యాపారం అంటే ఆడిట్లు అడగడం ఒక్కటే కాదు. ఆ ఆడిట్ షరతులు నెరవేరేంత ధర కూడా ఇవ్వాలి. రైతులు, ఎగుమతిదారులు అడుగుతున్న ఈ మాటలో న్యాయం ఉంది.

సర్టిఫికెట్ ఉంటే చాలదా?

చాలదు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. అందులోని కొన్ని గార్మెంట్ యూనిట్లకు అంతకుముందే సోషల్ ఆడిట్లు జరిగాయి. భవనం గట్టిగా ఉందా అన్నది మాత్రం ఆడిటర్లు చూడలేదు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ థాయ్‌లాండ్. 2015లో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు అక్కడి రొయ్యల పీలింగ్ షెడ్లలో బానిస చాకిరీని బయటపెట్టారు. కంపెనీలకు ఆ షెడ్లు 'బయటి వాళ్లవి'. కొనుగోలుదారుల ఒత్తిడి రాగానే పెద్ద ఎగుమతి సంస్థలు బయటి షెడ్లను వదిలేసి, ఒలిచే పనిని తమ ప్లాంట్ల లోపలికి తెచ్చుకుంటామని ప్రకటించాయి. ఆ షెడ్లను కనిపించకుండా ఉంచింది కంపెనీలే. తప్పనిసరైనప్పుడు లోపలికి తెచ్చుకోగలిగింది కూడా కంపెనీలే.

మన చట్టం ఏమిస్తోంది?

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. కొత్త నియమాలు పూర్తిగా కుదురుకునేదాకా పాత నియమాల్లో తగినవి కొనసాగుతాయని కేంద్రం చెప్పింది. రొయ్యల ప్లాంట్‌లో పనిచేసేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి ఇవి.

• నియామక పత్రం: ప్రతి కార్మికుడికీ ఇవ్వాలి.

• కనీస వేతనం: కిలోకు ఇంత అని పీస్ రేటు మీద చేయించుకున్నా, రోజు కనీస వేతనం కంటే తక్కువ పడకూడదు. రాష్ట్రంలో కరవు భత్యం ఏటా ఏప్రిల్, అక్టోబర్‌లలో మారుతుంది. తాజా రేటు ఏపీ కార్మిక శాఖ వెబ్‌సైట్‌లో ఉంటుంది.

• గడువు: నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు. పని మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి.

• ఓవర్‌టైమ్: మామూలు రేటుకు రెట్టింపు.

• సమాన వేతనం: ఒకే పనికి ఆడ, మగ తేడా ఉండకూడదు.

• రాత్రి షిఫ్టు: మహిళల అంగీకారం ఉండాలి. రవాణా, భద్రత ఏర్పాట్లు యజమాని చూడాలి.

• లైంగిక వేధింపుల ఫిర్యాదు: పది మంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. లేకపోతే కలెక్టర్ ఏర్పాటు చేసే స్థానిక కమిటీకి వెళ్లొచ్చు. మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి.

• వలస కార్మికులు: సొంతంగా వచ్చినవాళ్లూ ఈ నిర్వచనంలోకి వస్తారు. ఒడిశా రేషన్ కార్డు మీద నెల్లూరులో బియ్యం తీసుకోవచ్చు.

అడ్వాన్స్ తీసుకున్నాం.. పని మానకూడదా?

మానొచ్చు. అడ్వాన్స్ ఇచ్చి, అది తీరేదాకా ఇక్కడే ఉండాలి, ఇంకెక్కడా పని చేయకూడదు అంటే అది వెట్టి. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం ఆ అప్పు రద్దయినట్టే. అది వెట్టి అప్పు కాదని నిరూపించుకోవాల్సింది అప్పిచ్చినవాడే. మూడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు.

ఆధార్ కార్డు, ఏటీఎం కార్డు దగ్గర పెట్టుకోవడం, జీతం ఆపి ఉంచడం, హాస్టల్ దాటి వెళ్లనివ్వకపోవడం.. ఇవన్నీ అంతర్జాతీయ కార్మిక సంస్థ చెప్పే 11 బలవంతపు చాకిరీ సూచనల్లోకి వస్తాయి.

ఇలాంటి విషయం తెలిస్తే తహసీల్దార్, ఆర్డీవో లేదా కలెక్టర్‌కు చెప్పండి. విచారించి విడుదల పత్రం ఇచ్చే అధికారం కలెక్టర్, ఆర్డీవోలది. విడుదలైన వ్యక్తికి రూ.30 వేల దాకా తక్షణ సాయం ఉంది. కేసును బట్టి రూ.లక్ష నుంచి రూ.3 లక్షల దాకా పునరావాసం కింద వస్తుంది.

ఫోన్‌లో ఐదు నిమిషాల్లో చూసుకోండి

మీ అమ్మో, అక్కో, మీ ఇంట్లో పనిచేసే వాళ్ల అమ్మాయో ప్లాంట్‌కు వెళ్తున్నారా? వాళ్ల ఫోన్ తీసుకుని ఇవి చూడండి.

1. ఉమంగ్ యాప్‌లో యూఏఎన్ నంబర్ ఉందా, పీఎఫ్ ఏ కంపెనీ పేరుతో పడుతోంది, చివరిసారి ఎప్పుడు పడిందో చూడండి. యూఏఎన్‌కు లింకైన మొబైల్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇచ్చినా బ్యాలెన్స్ వివరాలు వస్తాయి.

2. ఈఎస్ఐ నంబర్ అడగండి. 10 మంది, అంతకు మించి పనిచేసే చోట, నెల జీతం రూ.21 వేల లోపు ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది.

3. జీతం బ్యాంకులో పడుతోందా, ఎవరి పేరు మీద నుంచి పడుతోందో స్టేట్‌మెంట్‌లో చూడండి. రుజువుగా అది చాలా గట్టిది.

4. గేట్ పాస్, ఐడీ కార్డు, హాజరు పుస్తకం, మేస్త్రీ పంపిన వాట్సాప్ మెసేజ్‌లు ఫొటో తీసి దాచండి.

5. పీఎఫ్, ఈఎస్ఐ రెండూ లేనివాళ్లు, 16 నుంచి 59 ఏళ్ల మధ్య ఉంటే ఈ-శ్రమ్‌లో నమోదు చేయించండి.

ఇదంతా ఎందుకంటారా? ఒక లెక్క చూద్దాం. నెల జీతం రూ.12 వేలు అనుకుందాం. పీఎఫ్‌కు కార్మికురాలి వాటా 12 శాతం, అంటే రూ.1,440. యజమాని వాటా కూడా అంతే. ఈఎస్ఐకి ఆమె నుంచి 0.75 శాతం, రూ.90. యజమాని నుంచి 3.25 శాతం, రూ.390. రికార్డులో పేరు లేకపోతే యజమాని వాటా రూ.1,830 ప్రతి నెలా పోతుంది. ఏడాదికి దాదాపు రూ.22 వేలు.

పోయేది డబ్బు ఒక్కటే కాదు. జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం జీతం, ప్రసవానికి 26 వారాల జీతం, పనిలో గాయపడి కదలలేకపోతే 90 శాతం జీతం కూడా పోతాయి. చన్నీళ్లలో, ఐసులో రోజంతా చేతులు పెట్టే పనికి ఇవి చిన్న విషయాలు కావు.

ఎక్కడ అడగాలి?

• జీతం బకాయి: కార్మిక శాఖ అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్, అసిస్టెంట్ కమిషనర్ కార్యాలయాలు. మూడేళ్ల లోపు క్లెయిమ్ వేయొచ్చు. జీతం ఇచ్చామని రుజువు చేయాల్సింది యజమానే. బకాయికి పది రెట్ల దాకా పరిహారం విధించే వీలుంది.

• పీఎఫ్: హెల్ప్‌లైన్ 14470. ఈఎస్ఐ: 1800-11-2526. ఈ-శ్రమ్: 14434.

• అమోనియా, యంత్రాలు, భద్రత: జిల్లా ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టర్.

• అన్ని రకాల అర్జీలు: ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, లేదా 1100కు ఫోన్. రసీదు తప్పక తీసుకోండి.

• ఉచిత లాయర్: 15100. మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయ పరిమితి లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు నేరుగా వెళ్లొచ్చు.

• పిల్లలతో పని చేయిస్తుంటే 1098. మహిళలకు ఆపద ఉంటే 181.

ఒంటరిగా వెళ్లేకన్నా నలుగురు కలిసి సంతకాలు పెట్టి ఇస్తే మంచిది. ఒకరినే పని నుంచి తీసేసే ప్రమాదం తగ్గుతుంది. సరుకు కొనే విదేశీ కంపెనీ అమెరికా లేదా యూరప్‌దైతే, ఓఈసీడీ నిబంధనల కింద ఆ దేశంలోని నేషనల్ కాంటాక్ట్ పాయింట్‌కు యూనియన్లు, స్వచ్ఛంద సంస్థలు ఫిర్యాదు పంపొచ్చు. అది కోర్టు కాదు. కానీ కొనుగోలుదారును మాట్లాడటానికి కూర్చోబెడుతుంది.

మరి మనం?

ఎక్కడో విదేశాల్లో కొనేవాళ్లు అడిగితేనే మన ప్లాంట్లలో యాంటీబయాటిక్ పరీక్షలు మొదలయ్యాయి. గుంటలకు నంబర్లు, లాట్లకు కోడ్‌లు వచ్చాయి. ఇవన్నీ కష్టమని ఒకప్పుడు అనిపించినవే. కొనేవాళ్లు పట్టుబడితే అయ్యాయి.

మనిషి విషయంలోనూ అడిగేది అంతకంటే ఎక్కువేం కాదు. హాజరు పట్టీలో ఒక పేరు, చేతికి ఒక జీతం చీటీ, పీఎఫ్ ఖాతాలో నెలకొక ఎంట్రీ. గుంటకు నంబర్ ఇవ్వగలిగిన పరిశ్రమకు ఇది చేతకాని పని కాదు.

ఈ సాయంత్రం ఇంటికి వెళ్లాక ఆ ఐదు నిమిషాల పని చేయండి. ఉమంగ్‌లో కంపెనీ పేరు కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి దాచండి. కనిపించకపోతే సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లడానికి అర్జీ రాసి పెట్టుకోండి.